కెమెరా మీది నుంచి దించిన ఫ్లాష్: క్యాండిడ్ ఫొటోలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల పెండ్లిళ్లు, జాతరలు తీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు ఇవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. క్యాండిడ్ అంటే ఫోజు లేకుండా, మనిషి తన పనిలో ఉండగా తీసిన ఫొటో. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇందులో ఇచ్చిన సెట్టింగులు మొదటి ఫొటో కొట్టడానికి మాత్రమే. ఆ తర్వాత స్క్రీన్ చూసి మీరే మార్చుకోవాలి.

## కొనకముందు

ఫ్లాష్ కొట్టినంక ఇంక క్యాండిడ్ ఏముంటదన్నా? అందరు కెమెరా దిక్కే చూస్తరు కదా?

మొదటి నాలుగైదు మెరుపులకు చూస్తారు, తర్వాత పట్టించుకోరు. ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే వెలుగు, గురిపెట్టిన మనిషి ఒకే దిక్కున ఉంటారు. అందుకే ప్రతిసారీ చూపు మీ మీదికే వస్తుంది. ఫ్లాష్‌ను దూరంగా ఒక మూలన పెడితే మెరుపు వచ్చిన దిక్కు చూస్తారు, అక్కడ ఎవరూ కనిపించరు, మళ్లీ తమ ముచ్చట్లో పడిపోతారు. నేను అరగంట ముందే వెళ్లి స్టాండు పెడతాను. జనం టిఫిన్లు చేస్తుండగా ఊరికే పది పదిహేను సార్లు కొడతాను. అసలు పని మొదలయ్యేసరికి ఆ మెరుపు కూడా మండపం సీరియల్ లైట్ల మెరుపుల్లో ఒకటిగా కలిసిపోతుంది.

మరి ఊడదీసుడు ఎందుకు? కెమెరా మీద పెట్టి కొడితే ఏం తక్కువైతది?

వెలుగు ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెలియకపోతే ఆ మనిషి ఎక్కడ కూర్చున్నదీ తెలియదు. కథ చెప్పడంలో నేను నమ్మేది ఇదొక్కటే: ఆ మనిషి రోజూ ఏ వెలుగులో బతుకుతుందో ఫ్లాష్ ఆ దిక్కు నుంచే రావాలి.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (జంపఖానాలు) నేసే ఇంటికి పోయారనుకోండి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఈ మధ్య కెమెరాలు పట్టుకొని చాలామందే పోతున్నారు. గది చిన్నది, మగ్గం గదంతా పరుచుకొని ఉంటుంది, ఒక్కటే కిటికీ. కెమెరా మీది ఫ్లాష్ కొడితే నూలుపోగులు, గోడ మీది క్యాలెండరు, నేసే ఆయన మొహం అన్నీ ఒకే తీరుగా తెల్లబడతాయి. కంటికి ఏది ముఖ్యమో తేలదు. అదే ఫ్లాష్‌ను బయట నిలబెట్టి, కిటికీకి పలుచని తెల్ల ధోతి కట్టి, దాని గుండా లోపలికి కొట్టండి. వెలుగు పోగుల మీదుగా జారి చేతుల మీద పడుతుంది, గది లోపలి భాగం చీకట్లోనే ఉండిపోతుంది. ఆయన ముప్పై ఏండ్లుగా ఆ కిటికీ వెలుగులోనే నేస్తున్నాడని ఫొటో చూసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఫ్లాష్ బయట ఉంది కాబట్టి ఆయన పని ఆయన చేసుకుంటాడు.

ఏమేం కొనాలె? ఎంత పవర్‌ది కావాలె?

ఒక స్పీడ్‌లైట్ (కెమెరా మీద బిగించే చిన్న ఫ్లాష్), దాన్ని దూరం నుంచి పేల్చే రేడియో ట్రిగ్గర్, లిథియం బ్యాటరీ లేకుంటే రీచార్జి చేసుకునే ఏఏ సెల్లు రెండు సెట్లు, ఒక తెల్ల గొడుగు, ఒక నారింజ రంగు జెల్, పట్టుకోవడానికి ఒక మోనోపాడ్ (ఒంటికాలి కర్ర). ట్రిగ్గర్ తప్పకుండా మీ కెమెరా కంపెనీకి సరిపోయేదే తీసుకోండి.

పవర్‌ను గైడ్ నంబరుతో కొలుస్తారు. గైడ్ నంబరును ఫ్లాష్ నుంచి మనిషి దాకా ఉన్న మీటర్లతో భాగిస్తే ఐఎస్‌వో (సెన్సర్ వెలుగును పట్టే శక్తి) 100 దగ్గర ఫుల్ పవర్‌కు ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరు) వస్తుంది. 36ను 3 మీటర్లతో భాగిస్తే 12, అంటే ఎఫ్ 11కు సరిపోతుంది. డబ్బా మీద 60 అని రాసి ఉంటే అది ఫ్లాష్ తలను పూర్తిగా జూమ్ చేసినప్పటి లెక్క. వెడల్పుగా కొడితే అంత రాదు, గొడుగు పెడితే ఇంకా తగ్గుతుంది.

రెండు మూడు ఫ్లాష్‌లు ఉంటేనే మంచిగొస్తదంటరు, నిజమేనా?

మొదటి ఏడాది ఒక్కటే వాడండి. రెండోది చేతికి రాగానే నీడలను చెరిపేయాలనిపిస్తుంది. కథ ఉండేది ఆ నీడల్లోనే.

## చేతికొచ్చిన మొదటి వారం

సెట్టింగులు ఎక్కడ మొదలు పెట్టాలె? అంత గడిబిడిగున్నది.

ముందు ఫ్లాష్ ఆపేయండి. అక్కడున్న వెలుతురుకే ఫొటో కొట్టి, కంటికి కనబడే దానికంటే ఒకటి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) చీకటిగా వచ్చేలా పెట్టుకోండి. ఇది వెనకటి లోకం. ఇప్పుడు ఫ్లాష్‌ను 1/16 పవర్‌లో ఆన్ చేసి, మనిషి మొహం చాలినంత వెలిగేదాకా పెంచడమో తగ్గించడమో చేయండి.

షట్టర్ వేగం మారిస్తే వెనకటి వెలుతురు మాత్రమే మారుతుంది, ఫ్లాష్ వెలుగు మారదు. ఫ్లాష్ పవర్ మారిస్తే మొహం మీది వెలుగే మారుతుంది. ఎపర్చర్, ఐఎస్‌వో రెండింటినీ కలిపి మారుస్తాయి. ఈ మూడు వాక్యాలు గోడకు అంటించుకోండి. రాత్రి ఫంక్షన్ హాల్లో నేను మొదలుపెట్టేది ఐఎస్‌వో 1600, ఎఫ్ 4, 1/100.

ఫొటోలో సగం నల్లగ పట్టీ వస్తున్నది. కెమెరా ఖరాబైందా?

కెమెరా బాగానే ఉంది, షట్టర్ వేగం ఎక్కువైంది. షట్టర్‌కు రెండు తెరలు ఉంటాయి. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాకా మాత్రమే ఒక క్షణం సెన్సర్ మొత్తం తెరిచి ఉంటుంది. అది దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలుపెడుతుంది. ఫ్లాష్ పడే క్షణానికి సెన్సర్‌లో కొంత మూతపడి ఉంటుంది, నల్లపట్టీ అదే. మిట్టమధ్యాహ్నం తప్పనిసరై వేగం పెంచాలంటే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ సింక్) మోడ్ ఉంది. కానీ అందులో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, మనిషికి దగ్గరగా తేవాలి.

టీటీఎల్ పెట్టాలెనా, మాన్యువలా?

ఫ్లాష్‌కూ మనిషికీ మధ్య దూరం మారకపోతే మాన్యువల్, అంటే ఫ్లాష్ బలం మీరే పెట్టుకోవడం. పీటల మీద కూర్చున్న జంట, మగ్గం, కొట్టు గల్లా దగ్గర కూర్చున్న సేటు, అందరికీ ఇదే. మీ తమ్ముడు ఫ్లాష్ పట్టుకొని జనంలో వెంట నడుస్తుంటే దూరం క్షణక్షణం మారుతుంది కాబట్టి టీటీఎల్, అంటే ఫ్లాష్ బలాన్ని కెమెరానే లెక్కగట్టే మోడ్. పట్టుచీరల జరీ, తెల్ల ధోతులు టీటీఎల్ లెక్కను తప్పిస్తాయి, కాస్త సరిచేసుకోండి.

ముందున్న అమ్మమ్మ మొహం తెల్లగ కాలిపోతున్నది, వెనకున్నోళ్లు కనిపిస్తలేరు. ఎట్ల?

దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్‌కు 1 మీటరులో అమ్మమ్మ ఉండి 2 మీటర్లలో మనవరాలు ఉంటే పిల్లకు అందేది నాలుగో వంతే. 4 మీటర్లలో ఉన్న అల్లునికి పదహారో వంతు. ఫ్లాష్‌ను వెనక్కి జరిపి 4 మీటర్లలో అమ్మమ్మ, 5 మీటర్లలో మనవరాలు ఉండేలా పెడితే ఇద్దరి మధ్య తేడా ఒక స్టాప్ కూడా ఉండదు.

ఇదే లెక్కను కథకూ వాడుకోవచ్చు. గుంపులో ఒక్క మొహమే పైకి తేలాలంటే ఫ్లాష్‌ను ఆ మనిషికి దగ్గరగా తేవాలి. ఇంటిల్లిపాది కనిపించాలంటే దూరం జరపాలి.

నేను నొక్కకముందే నా ఫ్లాష్ పేలుతున్నది. ఎందుకు?

హాల్లో ఇంకో టీమ్ మీ కంపెనీ ట్రిగ్గర్‌నే, అదే చానల్‌లో వాడుతున్నది. పరకాల దిక్కు ఒక లగ్గంలో నాకు ఇట్లాగే జరిగింది. అవతలి వాళ్లు నొక్కిన ప్రతిసారీ నా ఫ్లాష్ పేలి, జీలకర్ర బెల్లం వేళకు చార్జి ఎక్కక ఊరుకుంది. తెర దించిన క్షణం నాకు చీకట్లోనే పోయింది. అప్పటి నుంచి హాల్లోకి అడుగు పెట్టగానే మిగతా ఫొటోగ్రాఫర్లను చానల్ నంబరు అడుగుతాను, నాది మార్చుకుంటాను. ట్రిగ్గర్‌లో ఐడీ పెట్టుకునే వీలుంటే అదీ మార్చండి.

## పెండ్లింట్లో

మొహం నీలంగ, వెనకంత పసుపుగ వస్తున్నది. ఏ రంగు పెట్టాలె?

ఫ్లాష్ వెలుగు పగటి ఎండ రంగులో ఉంటుంది, సుమారు 5500 కెల్విన్. పాత పసుపు బల్బులు 3000 చుట్టూ ఉంటాయి. కెమెరా బల్బుకు సర్దుకుంటే మొహం నీలమవుతుంది. ఫ్లాష్‌కు నారింజ రంగు ఫుల్ సీటీవో జెల్ (వెలుగును బల్బు రంగుకు మార్చే పారదర్శక కాగితం) తొడిగి, కెమెరాలో రంగును సర్దే వైట్ బ్యాలెన్స్ 3200 దగ్గర నిలిపేస్తే రెండూ కలుస్తాయి. ఆటోలో వదలొద్దు, ఫొటో ఫొటోకు రంగు మారుతుంది.

ఇప్పుడు హాళ్లలో ఎక్కువ ఎల్‌ఈడీలే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లలో కొన్ని సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, ఫొటోలో అడ్డ చారలు పడతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి.

తలంబ్రాలు పోసుకునేటప్పుడు బియ్యం గాల్లో ఆగినట్టు కనిపించాలంటే?

గింజలను నిలబెట్టేది షట్టర్ కాదు, ఫ్లాష్ మెరిసే కాలం. ఫుల్ పవర్‌లో ఆ మెరుపు సెకనులో సుమారు 300వ వంతు సాగుతుంది, గింజ గీతలా సాగిపోతుంది. పవర్‌ను 1/16కు తగ్గిస్తే మెరుపు సెకనును కొన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత కాలానికి కుదించుకుపోతుంది, గింజ ఉన్నచోటే నిలుస్తుంది. ఫ్లాష్‌ను జంట వెనక, ఒక పక్కగా, తలల కంటే ఎత్తులో పెట్టండి. పసుపు పూసిన బియ్యం వెనక నుంచి వెలిగితే ఒక్కొక్క గింజా కనిపిస్తుంది. నేను ఎదురుచూసేది గింజల కోసం కాదు, మూడో దోసిలికి పెండ్లిపిల్ల సిగ్గు మరిచి నవ్వే నవ్వు కోసం. మొదటి రెండు దోసిళ్లూ ఫోకస్‌కు వాడుకోండి.

బరాత్‌ల డ్యాన్సు ఫొటోలు బొమ్మల్లెక్క గడ్డకట్టుకపోతున్నయి.

షట్టర్‌ను 1/10 దాకా తగ్గించి, ఫ్లాష్‌ను రియర్ కర్టెన్‌లో పెట్టండి. షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ పడుతుంది కాబట్టి లైట్ల గీతలు మనిషి వెనక తోకలా వస్తాయి. మామూలు మోడ్‌లో అయితే గీతలు ముందుకొచ్చి, మనిషి వెనక్కి డ్యాన్సు చేస్తున్నట్టు ఉంటుంది. కొన్ని కెమెరాలు, ట్రిగ్గర్ల జోడీలో ఫ్లాష్ దూరంగా ఉన్నప్పుడు రియర్ కర్టెన్ పనిచేయదు, ఇంట్లోనే చూసుకొని రండి. బరాత్‌లో స్టాండు మాత్రం పెట్టొద్దు. ఫ్లాష్‌ను మోనోపాడ్‌కు బిగించి, పెండ్లిపిల్లగాని బావమరిదికో, మీ తమ్మునికో ఇవ్వండి.

అప్పగింతలప్పుడు గూడ ఫ్లాష్ కొట్టాలెనా?

నేను కొట్టను. ఐఎస్‌వో 6400కు పెంచుకుంటాను, మచ్చలు వస్తే రానీ అనుకుంటాను. తండ్రి బిడ్డ చేతిని పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడుతున్నప్పుడు మెరుపు మెరిస్తే ఆయన ఏడుపును దిగమింగుకుంటాడు. ఆ దుఃఖం ఆయనది, నా వెలుగు దానికి అడ్డం రావొద్దు.

## బతుకమ్మ, బజారు, జాతర

బతుకమ్మ ఆటల ఫ్లాష్ కొడితే పూల మీది దీపం కనిపిస్తలేదు.

ఫ్లాష్ బలంగా ఉంటే దీపం దాని కింద మునిగిపోతుంది. పొద్దుగూకిన తర్వాత ఒక ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది. మీ పని ఆ ఇరవై నిమిషాల్లోనే. హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ నాడు నేను ఐఎస్‌వో 1600, ఎఫ్ 2.8, 1/60 దగ్గర మొదలుపెడతాను. ముందు ఆకాశం, దీపాలు నిలవాలి.

తర్వాత ఫ్లాష్‌కు నారింజ జెల్ తొడిగి 1/32 లేదా ఇంకా తక్కువలో పెట్టి, ఆడేవాళ్ల వలయానికి అవతల, నాకు ఎదురుగా కాస్త పక్కకు ఉంచుతాను. అప్పుడు వెలుగు గునుగు, తంగేడు, బంతి పూల అంచుల మీదా, జడల మీదా, ముందుకు వంగిన భుజాల మీదా గీతలా పడుతుంది. మొహాలకు మధ్యలో పెట్టిన బతుకమ్మల దీపాలు, చుట్టూ ఉన్న వీధి దీపాలే చాలు. వలయం లోపలికి స్టాండు తీసుకుపోవద్దు, అది గౌరమ్మ ఉన్న జాగా.

ఎప్పుడు నొక్కాలో పాటే చెబుతుంది. ఉయ్యాలో అన్నాక చప్పట్లు పడతాయి, అందరూ ఒక్కసారే వంగుతారు. రెండు చరణాలు ఊరికే విని, లయ చెవికి ఎక్కిన తర్వాత కెమెరా ఎత్తండి. లయ మీకు తెలియకపోతే ఇంట్లో అమ్మనడగండి.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దుమ్ముకు ఫొటో నిండ తెల్లచుక్కలొస్తున్నయి.

ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటే దగ్గరి దుమ్ము కణాలు మెరిసి కెమెరాలోకే తిరిగొస్తాయి. ఫ్లాష్‌ను హమాలీ వెనకకు, మిర్చి రాశి అవతలికి మార్చండి. అదే దుమ్ము ఇప్పుడు వెలుగుపొరలా లేస్తుంది, బస్తా ఎత్తే మనిషి దాని మధ్యలో నిలబడతాడు. అక్కడి గాలి ఎంత ఘాటో, వాళ్లు ఎందుకు తువ్వాల ముక్కుకు కట్టుకుంటారో ఆ ఒక్క ఫొటో చెప్పాలి. ఎండకాలం మొదట్లో రాశులు బాగా వస్తాయి, కాంటాలు కాకముందు పొద్దున్నే పోండి. దారికడ్డంగా నిలబడొద్దు, నెత్తిన బస్తా ఉన్న మనిషి ఆగలేడు.

మేడారం జాతరల స్టాండు పెట్టొచ్చా?

వద్దు. రెండేండ్లకోసారి మాఘమాసంలో ఆ నాలుగు రోజులూ నిలబడే జాగా కూడా దొరకదు. ఫ్లాష్‌ను ఎడమ చేత్తో ఎత్తి పట్టుకొని, కుడి చేత్తో కెమెరా నొక్కండి. 24 లేదా 28 ఎంఎం లెన్స్ చాలు. జంపన్నవాగులో మునిగి లేచినవాళ్లను తీయడానికి పొద్దు వాలినప్పుడు ఆ ఎండకు ఎదురు దిక్కు నుంచి తక్కువ పవర్‌లో కొడితే నీటి చుక్కలు నిలుస్తాయి. స్నానం చేసే ఆడవాళ్ల దిక్కు మాత్రం కెమెరా తిప్పొద్దు. ఫ్లాష్‌కు పారదర్శక కవరు తొడగండి, అక్కడి దుమ్ము స్విచ్చుల్లోకి పోతుంది.

శివసత్తులకు పూనకం వచ్చినప్పుడు ఫ్లాష్ కొడితే తప్పా?

కళ్లలోకి కొట్టడం తప్పే. కొమురవెల్లిలో, ఐనవోలులో మల్లన్న భక్తులైన శివసత్తుల పూనకం చూసేవాళ్లకు వింత కావొచ్చు, వాళ్లకది మొక్కు. నేను ముందురోజే పోయి మాట్లాడతాను, తీయమంటేనే తీస్తాను. ఫ్లాష్ వాడాల్సి వస్తే నేల మీద వేసిన పట్నం (దేవుని ముగ్గు) దిక్కు నుంచి, పక్కగా, చిన్నగా. ఒగ్గు పూజారులు రంగుల పొడితో పట్నం వేస్తున్నప్పుడు నేలకు జానెడు ఎత్తులో ఫ్లాష్ ఉంచితే పొడి గీతల మందం కూడా కనిపిస్తుంది. ఆ చేతులు నాకు పూనకం కంటే పెద్ద కథ.

రామప్పల, వేయిస్తంభాల గుడిల ఫ్లాష్ కొట్టనిస్తరా?

రెండూ కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాలు. ట్రైపాడ్, స్టాండ్లు అనుమతి లేకుండా లోపలికి తీసుకుపోకూడదు, గర్భగుడి జోలికే పోవద్దు. నిజానికి అక్కడ ఫ్లాష్ అక్కరకూ రాదు. 1213 నాటి రామప్పలో నునుపు తేలిన నల్లరాయి అద్దంలా మెరుస్తుంది, ఎదురుగా కొడితే తెల్లమచ్చ పడుతుంది. పొద్దున ఎండ నేల మీద పడి పైకి లేచే వెలుతురులో మెట్ల మీద కూర్చున్న యాత్రికులను తీయండి.

అడగకుండ తీయొచ్చా? అడిగితే ఫోజు పెడుతరు కదా.

అమెరికా ఫొటోగ్రాఫర్ ఫిలిప్ లోర్కా డికోర్షియా 1999 నుంచి 2001 దాకా న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఎత్తున ఫ్లాష్‌లు బిగించి, తెలియకుండా నడిచిపోయేవాళ్ల మొహాలు తీశాడు. అందులో ఒక పెద్దమనిషి కోర్టుకు పోయాడు, 2006లో ఆ కేసు కొట్టేశారు. ఫొటోలు గొప్పవి. అయినా మన ఊర్లో నేను అట్లా తీయను. ఇక్కడ మళ్లీ రేపు అదే బజార్లో ఆ అవ్వకే ఎదురుపడాలి.

నా పద్ధతి ఇది. ముందు "నీ పని తీస్త అవ్వా, నన్ను చూడకు" అని చెబుతాను. ఆమె మొదట ఫోజు పెడుతుంది, ఆ నాలుగు ఫొటోలూ మర్యాదగా తీస్తాను. ఆ తర్వాత అక్కడే కూర్చుంటాను. పావుగంటలో బేరం వస్తుంది, ఆమె నన్ను మరిచిపోతుంది. అప్పుడు తీసినవే క్యాండిడ్. వద్దంటే ఆ ఫొటోలను అక్కడే ఆమె ముందే డిలీట్ చేస్తాను.

## ఇంటికొచ్చినంక

పెండ్లోళ్లు మొహాలు తెల్లగ చేసియ్యమంటున్నరు. ఎట్ల చెప్పాలె?

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. నలుపును పోగొట్టాల్సిన తప్పులా చూడటం మన ఆల్బముల్లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని కొంత ఫ్లాషే నేర్పింది, ఎదురుగా ఎక్కువ కొట్టి చర్మం మీది వివరమంతా చెరిపేసి. ఫ్లాష్ పక్క నుంచి, సరిపడా పడితే నల్లని చెంప మీద వచ్చే మెరుపు తెల్లని చెంప మీద రాదు. నేను ఎడిటింగ్ మొదలుపెట్టకముందే పెండ్లిపిల్లకు రెండు ప్రింట్లు చూపిస్తాను: ఒకటి ఉన్న రంగులో, ఒకటి తెల్లగా చేసింది. పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చాలామంది మొదటిదే చేతిలోకి తీసుకున్నారు.

ఫ్లాష్ పేలని ఫొటోలు డిలీట్ చేయాలెనా?

ఆ రోజు చేయొద్దు. చార్జి ఎక్కక మిస్సయిన ఫ్రేములో వెనక దర్వాజ వెలుతురు మాత్రమే మిగిలి, మనిషి నీడలా నిలిచిన సందర్భాలు ఉన్నాయి. వారం తర్వాత చూసి తేల్చుకోండి.

ఒక కథకు ఎన్ని ఫొటోలు పెట్టాలె?

పది దాటనీయను. అందులో సగానికైనా ఫ్లాష్ ఉండదు. చోటు ఎట్లుందో చెప్పేవి, చేతులు, ఖాళీ మగ్గం, ఇవన్నీ మామూలు వెలుతురులోనే తీస్తాను. అన్నీ మెరుస్తుంటే ఏ ఒక్కటీ నిలబడదు.

తీసిన ఫొటోలు వాళ్లకియ్యాలెనా?

ఇవ్వాలి. ఫోన్‌కు పంపినా సరే, 6×4 ప్రింటు చేతిలో పెడితే ఇంకా మంచిది. పేరు, ఊరు, ఏ దుకాణం పక్కన కూర్చుంటారో అప్పుడే రాసుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు. జాతరలో గాజులు, బొరుగులు అమ్మేవాళ్లు చాలామంది ప్రతిసారీ ఇంచుమించు అదే జాగాలో కూర్చుంటారు. పోయినసారి ప్రింట్లు కెమెరా సంచి పక్క జేబులో వేసుకొని బయలుదేరండి, ముందు అవి ఇచ్చిన తర్వాతే ఫ్లాష్ బయటికి తీయండి.